సీటొచ్చింది, క్లాసులూ మొదలయ్యాయి... అందరికీ థ్యాంక్స్

విశాఖలో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ ఎమ్మెస్సీలో చేరాను. ఎప్పుడో బీజెడ్‌సీ చదివి, తర్వాత ఎంబీఏ చేసి, ఇన్నేళ్లూ కాకినాడలో రొయ్యల ఎగుమతుల్లో కౌంట్లు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క), కంటైనర్లు, డాలర్ రేటు తప్ప ఇంకో ధ్యాస లేకుండా గడిపినదాన్ని. ఇప్పుడు తీరప్రాంత పర్యావరణం చదువుతానంటే నవ్వకుండా సాయం చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. పేర్లు పెట్టొద్దన్నారు కొందరు, అందుకే ఎవరి పేరూ రాయట్లేదు, చదివితే మీకే తెలిసిపోతుంది.

ముందు ఉప్పాడ బాబాయ్‌కి దండం. తీరం కోత గురించి పుస్తకంలో ఎంత చదివినా నాకు ఎక్కలేదు. ఆయన నన్ను బీచ్ రోడ్డు మీద నిలబెట్టి, నైరుతి గాలి సీజన్లో ఇసుక ఎటు కదులుతుందో, దానికి అడ్డంగా ఏదైనా కడితే ఒక పక్క మేట వేసి రెండో పక్క ఎందుకు తెగిపోతుందో చేత్తో గీసి చూపించారు. గోదావరి మట్టి డ్యాముల వెనకే ఆగిపోతే సముద్రానికి ఏం మిగులుతుందమ్మా అన్నారు. రాళ్లు, జియోట్యూబులు (ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలు) పెట్టి కట్టిన గోడ ఎక్కడెక్కడ దెబ్బతిందో కూడా చూపించి, నీళ్ల వైపు వేలు పెట్టి "మా పాత ఇల్లు అదిగో, అక్కడ" అన్నారు. నాకేం మాట్లాడాలో తెలియలేదు.

రిటైరైన ప్లానింగ్ ఆఫీసరు గారికి కూడా. వ్యాపారంలో ఉన్నన్నాళ్లూ సీఆర్‌జడ్ (తీరం వెంట కట్టడాలకి కేంద్రం పెట్టిన నిబంధనలు) అంటే ఫైల్లో పెట్టే ఇంకో ఎన్‌వోసీ అనుకునేవాళ్లం. ఆయన 2011, 2019 నోటిఫికేషన్లు పక్కపక్కన పెట్టి ఓపిగ్గా చదివించారు: పల్లెల్లో పోటు గీత (సముద్రం పోటు మీద నీళ్లు వచ్చే హద్దు) నుంచి 200 మీటర్ల దాకా కొత్త కట్టడాలు వద్దన్న నిబంధన, 2011 జనాభా లెక్కల్లో చదరపు కిలోమీటరుకి 2,161 మంది కంటే ఎక్కువ ఉన్న చోట 2019లో 50 మీటర్లకి తగ్గింది. కోత పడుతున్న ఊళ్లో ఆ 50 మీటర్లు ఎన్నాళ్లుంటాయి సార్ అంటే నవ్వి ఊరుకున్నారు (ఆ నవ్వు నాకు నచ్చలేదు, అది వేరే సంగతి).

కోరింగ మడ అడవిలో తెల్ల మడకీ నల్ల మడకీ తేడా చూపించి, తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే ప్రమాదం, ముట్టుకోకని కేకేసిన అన్నయ్యకి, రాత్రి పది దాటాక ఫోన్లో స్టాటిస్టిక్స్ చెప్పిన మా ఆఫీసు కుర్రాడికి, నోటీసు పీరియడ్ పూర్తవకుండానే పంపేసిన మేనేజరు గారికి, పిల్లల టిఫిన్ బాక్సులు తన మీద వేసుకున్న మా అత్తయ్యకి, అందరికీ చాలా చాలా థ్యాంక్స్.

పీజీసెట్ నోట్స్ నా దగ్గరే ఉన్నాయి, ఎవరైనా రాస్తుంటే అడగండి, ఇచ్చేస్తాను. అలాగే క్యూజీఐఎస్ (కంప్యూటర్లో మ్యాపులు చేసే సాఫ్ట్‌వేర్) బాగా వచ్చినవాళ్లుంటే కాస్త చెప్పండి బాబూ, మ్యాపు తెరిస్తే చాలు నా పాత లాప్‌టాప్ ఆగిపోతోంది, నాకేమో టెన్షన్.