ఆ బూట్లు మాత్రం తేవద్దు

బంగారం,

ఈస్టర్ సెలవులకి ఫ్రెండ్స్‌ని వెంటబెట్టుకుని కారులో వస్తానన్నావు, సంతోషం, మెల్‌బోర్న్ నుంచి ఎనిమిది గంటలూ నువ్వొక్కదానివే నడపకుండా ఉంటే చాలు. కానీ నువ్వు పంపిన ఫోటో చూశాక నాకు టెన్షన్ పట్టుకుంది. యారా వ్యాలీలో ద్రాక్షతోట మధ్య నిలబడి నలుగురూ బురద బూట్లు పైకెత్తి చూపిస్తున్నారే, అవి ఇక్కడ సౌత్ ఆస్ట్రేలియాలో మన బరోసాకి రాకూడదు.

చాదస్తం అనుకో, ఫరవాలేదు. యారా వ్యాలీలో 2006 నుంచి ఫిలోక్సెరా ఉంది. ద్రాక్ష వేళ్లకి పట్టే పేను లాంటి పురుగు, మిల్లీమీటరు పొడవుంటే ఎక్కువ, బూటుకంటిన మట్టిలో కూర్చుని వచ్చేస్తుంది. పట్టిందంటే మందు లేదు, తోట పీకేసి అమెరికా వేరుకి అంటుకట్టిన మొక్కలు నాటుకోవాల్సిందే. సౌత్ ఆస్ట్రేలియాలోకి అది ఇప్పటిదాకా రాలేదు కాబట్టే మన టనుండాలో 1843లో నాటిన షిరాజ్ రకం ద్రాక్ష తీగలు ఇంకా సొంత వేళ్ల మీద కాస్తున్నాయి. చిన్నప్పుడు చూపిస్తే "ఎండు మొద్దులు, పొయ్యిలో పెట్టొచ్చు" అన్నావు!

మొదట్లో పక్క తోట ముసలాయన గేటు దగ్గర ఆపి నా చెప్పులు చూపించమంటే ఒళ్లు మండిపోయింది, మన రంగు చూసి అంటున్నాడేమో అనుకున్నా. తర్వాత ఒకరోజు ఊరి నుంచి వచ్చిన సొంత కొడుకుని కూడా అక్కడే నిలబెట్టి బూట్లు విప్పించాడు. 2021లో గుంటూరు దగ్గర మీ పెద్దమామయ్య మిరపచేను నల్ల తామర పురుగుకి పోయినప్పుడు, పూత ముడుచుకుపోయి రాలిన ఆ చేలో నిలబడి ఫోన్ చేసి ఒక్క ముక్క మాట్లాడలేకపోయాడు. అప్పట్నుంచీ ముసలాయన అడక్కుండానే నేనే చెప్పులు తిప్పి చూపిస్తున్నా.

ఇక్కడ కోతలు జోరు మీదున్నాయి. రాత్రి రెండింటికి కూడా మెషిన్ల చప్పుడే, పొద్దున తలుపు తీస్తే ఊరంతా పొంగిపోయిన దోసెలపిండి వాసన. ల్యాబ్‌లో రోజుకి ఎన్ని శాంపిళ్ల తీపి కొలుస్తున్నానో లెక్కలేదు, గోళ్ల చుట్టూ నల్లమరక సబ్బుకి పోవడం లేదు. చుక్క నోట పెట్టని మనిషిని వైన్ కంపెనీలో పనిచేస్తున్నానంటే మీ అమ్మమ్మకి ఇప్పటికీ నామోషీ, అక్కడ అందరికీ "జ్యూస్ ఫ్యాక్టరీ" అనే చెప్తోంది, నువ్వు బయటపెట్టకు.

సరే, బూట్లు అక్కడే వదిలేసి చెప్పులతో రండి. బయల్దేరే ముందు కారు చక్రాలు కడిగించి, లోపల మ్యాట్లు కూడా తీసి దులపండి, వాటి సంగతి ఎవరికీ గుర్తురాదు. డిసెంబర్‌లో కోసిన పచ్చి ద్రాక్షకాయలు ఫ్రీజర్‌లో దాచా, వచ్చిన రోజు పప్పులో వేస్తా. మీ ఫ్రెండ్స్ కారం తింటారో లేదో ముందే చెప్పు.

అమ్మ