వార్షిక నివేదిక: మన బోర్లు, మన పరీక్షలు

గౌరవనీయులైన అధ్యక్షులవారికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడు మొక్కలు నాటడం, వైద్య శిబిరం, పిల్లల క్విజ్ ఎప్పటిలాగే జరిగాయి. వివరాలు మినిట్స్ పుస్తకంలో ఉన్నాయి. నేను చెప్పాల్సింది నీటి పరీక్షల గురించి.

మన కనిగిరి ప్రాంతానికి ఫ్లోరైడ్ కొత్త కాదు. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళు తాగితే పళ్ళు, ఎముకలు పాడయ్యే జబ్బు ఫ్లోరోసిస్ దేశంలో మొదట బయటపడింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. కనిగిరి కూడా అప్పుడు ఆ జిల్లాలోదే. ఎడ్ల కాళ్ళు బిగుసుకుపోవడం అంతకుముందే గమనించింది రైతులని చెబుతారు. అయినా మనకు తెలిసిన పరీక్ష ఏమిటి? ఎవరో జీపులో వచ్చి సీసా నింపుకుపోవడం. ఫలితం మన చేతికి వచ్చేది కాదు. అందుకే ‘ఇదంతా నీళ్ళ డబ్బాలు అమ్ముకోవడానికే’ అన్న మాట వీధుల్లో పాతుకుపోయింది. అన్నవాళ్ళను నేను తప్పుపట్టను.

ఈసారి సీసాలు మనవే, చేతులు మనవే. బడి వరండాలో రెండు ఆదివారాలు కూర్చున్నాం. ట్యూబులో కొలిచిన నీళ్ళు పోసి రీజెంట్ (పరీక్ష మందు) చుక్కలు వేస్తే, ఫ్లోరైడ్ తక్కువున్నచోట గులాబీ రంగు నిలుస్తుంది, పెరిగేకొద్దీ పసుపుకు తిరుగుతుంది. తమ బోరు నీళ్ళు తియ్యటివని పట్టుబట్టిన మూడో వీధి పెద్దమ్మ తన చేత్తోనే చుక్కలు వేసింది. పసుపు. మళ్ళీ వేసింది. మళ్ళీ పసుపే. రంగుల చార్టు మీద ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటింది. “అయితే రుచిలో తెలియదా?” అని అడిగింది. తెలియదని, కాచినా పోదని కెమిస్ట్రీ మేష్టారు చెప్పారు. తర్వాతి ఆదివారం ఆవిడే పక్కిళ్ళవాళ్ళను వెంటబెట్టుకొచ్చింది.

మన తప్పులూ దాచలేదు. ఒకే నీళ్ళను రెండు సీసాల్లో వేర్వేరు నంబర్లతో పెట్టి చూశాం. కొన్ని రీడింగులు కలవలేదు. వాటిని నోటీసు బోర్డు మీద ఎర్ర సిరాతో రాసి, పరీక్ష మళ్ళీ చేశాం. ఆ ఎర్ర అంకెలు చూశాకే అంతవరకూ రానివాళ్ళు కూడా సీసాలు తెచ్చారు. ఈ ఏడాది నాకు అన్నిటికన్నా గర్వంగా ఉన్నది ఆ బోర్డే.

మేష్టారికి, వరండా ఇచ్చిన ప్రధానోపాధ్యాయులకు, ఇంటింటికీ తిరిగిన తొమ్మిదో తరగతి పిల్లలకు, టీ పంపిన హోటల్ యజమానికి, ట్యూబులు కడిగిన మహిళా సభ్యులకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

బాధ కలిగించినవి కూడా చెప్పాలి. పేర్లిచ్చిన వాలంటీర్లలో సగం మంది రెండో ఆదివారం రాలేదు, ఫోన్లూ ఎత్తలేదు. సంబంధిత అధికారిని మూడుసార్లు పిలిచాం, ఒక్కసారీ రాలేదు. ల్యాబుకు పంపిన శాంపిళ్ళ రిపోర్టు కోసం ఇంకా తిరుగుతూనే ఉన్నాం. మన ఫలితాలు సరైనవో కాదో ఆ రిపోర్టుతో పోల్చి చెబుతామని జనానికి మాటిచ్చాం కదా!

జమాఖర్చులు కోశాధికారిగారు చదువుతారు. ఆడిట్ పూర్తయింది. చందా బాకీలు మాత్రం దయచేసి ఈ నెలలోనే కట్టండి.

ఎండాకాలం పరీక్షలకు కొత్త రీజెంట్ వచ్చింది. రిజిస్టరు తలుపు దగ్గర బల్ల మీద ఉంది. వచ్చేవాళ్ళు, నిజంగా రాగలిగినవాళ్ళు, వెళ్ళేముందు పేరు రాయండి.

ఇట్లు,
కార్యదర్శి