ఒకే అక్షాంశం మీద రెండు లోకాలు

సంపాదకుల వారికి,

గ్రీన్‌లాండ్ పేరు తరచుగా వార్తల్లో వినిపిస్తున్న ఈ రోజుల్లో, దానికి పొరుగున ఉన్న ఐస్‌లాండ్‌తో దానిని పోల్చి చూపే వివరణలు కూడా పత్రికల్లో రావాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

గ్రీన్‌లాండ్ రాజధాని నూక్, ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్ దాదాపు 64 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదే ఉన్నాయి. అయినా జనవరిలో రేక్యావిక్ సగటు ఉష్ణోగ్రత సున్నాకు అటూఇటూగా ఉంటే, నూక్‌లో అది సున్నాకు ఏడెనిమిది డిగ్రీలు దిగువకు పోతుంది. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని ప్రవాహపు పాయ ఐస్‌లాండ్ దక్షిణ, పశ్చిమ తీరాలను తాకుతుండగా, గ్రీన్‌లాండ్ తూర్పు తీరం వెంట ఆర్కిటిక్ మంచుగడ్డలను మోసుకొస్తూ చల్లని ప్రవాహం దిగుతుంది.

నేలలోనూ అంతే తేడా ఉంది. అట్లాంటిక్ నడిగర్భపు పర్వతశ్రేణి సముద్రంపైకి తేలిన చోట పుట్టిన ఐస్‌లాండ్ అగ్నిపర్వతాల దేశం. అక్కడి ఇళ్లలో అత్యధిక భాగం భూగర్భపు వేడినీటితోనే వెచ్చబడతాయి. గ్రీన్‌లాండ్‌లో 370 కోట్ల ఏళ్లకు పైబడిన శిలలున్నాయి. ఐస్‌లాండ్‌లో సుమారు పదో వంతు మాత్రమే హిమానీనదాలైతే, గ్రీన్‌లాండ్‌లో దాదాపు 80 శాతం మంచుపలకే, కొన్నిచోట్ల 3 కిలోమీటర్లకు మించిన మందంతో.

ఆ మంచంతా కరిగితే ప్రపంచ సముద్రమట్టం సుమారు 7 మీటర్లు పెరుగుతుంది కనుక, కోనసీమ, కొల్లేరు ప్రాంతాల వారికి ఇది దూరదేశపు సంగతి కాదు. ధ్రువాల దగ్గరి ప్రాంతాలను అసలుకన్నా పెద్దవిగా చూపే మెర్కేటర్ ప్రపంచ పటంలో ఆఫ్రికా అంత కనిపించే గ్రీన్‌లాండ్ నిజానికి మన దేశం కన్నా చిన్నది. దయచేసి అసలు వైశాల్యాలను చూపే పటాలను ప్రచురించండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, అమలాపురం