పేరు రాయొద్దన్న గుమస్తా గారికి, ఇంకా అందరికీ

నిన్న సాయంత్రం థీసిస్ ఇచ్చేశాను. రాత్రి కంటినిండా నిద్రపోదామనుకున్నాను కానీ పట్టలేదు. ఒళ్లంతా నొప్పులుగా ఉన్నా ఇప్పుడే రాసేస్తున్నాను. వారం ఆగితే తీరిగ్గా రాస్తానేమో గానీ, ఇప్పుడున్న మనసు అప్పటికి ఉండదు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. పిల్లలకి కేన్సర్ వస్తే అమ్మానాన్నల పని ఏమవుతుంది, సంపాదన ఏమవుతుంది, అప్పు ఎంత దాకా పోతుంది అన్నది నా పరిశోధన. కోనసీమలోనూ, నరసాపురం, భీమవరం వైపు ఊళ్లలోనూ ఇళ్లకి వెళ్లి మాట్లాడాను. పిల్లల్లో ఎక్కువగా కనిపించే కేన్సర్ ఒక రకం బ్లడ్ కేన్సర్. చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది. మొదటి నెలలు ఎక్కువగా ఆసుపత్రి చుట్టూనే. తర్వాత ఇంటి దగ్గర రోజూ మాత్రలు, మధ్యలో రక్త పరీక్షలు, నడుములో ఇంజెక్షన్లు. రక్తకణాల కౌంట్లు పడిపోయి ఉన్నప్పుడు పిల్లాడికి ఒళ్లు వెచ్చబడితే చాలు, అర్ధరాత్రయినా బయల్దేరాల్సిందే. విశాఖపట్నమో, హైదరాబాదో. ఇక ఆ ఇంట్లో మనిషి రేపు పనికొస్తానని ఎవరికి మాటివ్వగలడు?

అమ్మ, నాన్న, అన్నయ్య, వదిన, మా ఆయన. మీకు వేరే చెప్పక్కర్లేదు.

నేను చెప్పుకోవాల్సింది ఒక కొబ్బరి కొట్టు గుమస్తా గారి గురించి.

నేను లెక్క తేల్చాల్సిన వాటిలో అన్నిటికన్నా కష్టమైంది పోయిన పనిరోజులు. మందుల బిల్లులు, బస్సు టికెట్లు కొందరు సంచిలో దాచుకున్నారు. పనికి వెళ్లని రోజుకి బిల్లుండదు కదా. కొబ్బరి దింపు పని చేసే ఒక తండ్రిని అడిగితే చాలాసేపు ఆలోచించి, "కీమో తేదీలంటే చెప్పగలనండి. పని సంగతి నాకు గుర్తులేదు. మా గుమస్తా గారి పుస్తకంలో ఉంటది, చూసుకోండి" అన్నారు. పుస్తకం చూడ్డానికి ఒప్పుకుంటూ సంతకం కూడా పెట్టిచ్చారు. ఆ కాగితం పట్టుకుని కొట్టుకి వెళ్లాను. ఊరు చెప్పను. అంబాజీపేట మార్కెట్టుకి సరుకు తోలే ఊళ్లు చాలా ఉన్నాయి, వాటిలో ఒకటి అనుకోండి.

రోహిణి కార్తె ఎండలు. ఆ పొద్దున్నే ఒక ఆఫీసులో నా అనుమతి ఉత్తరానికి ఇంకో అనుమతి ఉత్తరం కావాలని వెనక్కి పంపేశారు. ఇక్కడా అదే మాట వింటానని మనసులో సిద్ధపడే వెళ్లాను. గుమస్తా గారు అరవై దాటిన మనిషి. నా యూనివర్సిటీ ఐడీ కార్డు చూపించబోతే వద్దన్నారు. "వాడు ఒప్పుకున్నాడా అమ్మా?" అని మాత్రం అడిగారు. కాగితం ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని పై నుంచి కింద దాకా మొత్తం చదివారు. ఆ కాగితాన్ని నా ఎదురుగా అంత శ్రద్ధగా చదివిన మనిషి ఇంకొకరు లేరు.

"లోడు వెళ్లాక కూర్చుందాం. ఈలోపు ఫ్యాను కింద కూర్చోండి" అని తనే ఒక బొండం కొట్టి చేతికిచ్చారు.

లారీ వెళ్లిపోయాక పుస్తకాలు దించారు. తర్వాత ఆయన చేసిన పని నేను జన్మలో మర్చిపోను. రెండు అట్టముక్కలు తీసుకుని, ఒకటి ఆ తండ్రి పేరున్న వరసకి పైన, ఒకటి కింద పెట్టారు. నాకు ఆ ఒక్క వరసే కనపడాలి. "మిగతావాళ్లు మీకు ఒప్పుకోలేదు కదమ్మా, వాళ్ల అడ్వాన్సులు మీకెందుకు" అన్నారు. ప్రతి పేజీలోనూ అట్టలు జరుపుకుంటూ తేదీ చదివారు, నేను రాసుకున్నాను. పిల్లాడి కీమో తేదీలు పక్కనే పెట్టుకున్నాను. అంతకుముందు వరసగా పని ఉన్నచోట ఖాళీలు మొదలయ్యాయి. కొన్నాళ్లకి ఆ తండ్రి చెట్టెక్కడం మానేసి కొట్టులోనే ఒలుపుకి కూర్చున్నట్టుంది. ఎందుకని అడిగాను. "చెట్టు మీదుండగా ఇంటి నుంచి ఫోనొస్తే దిగేసరికి ఆలస్యం అవుద్దని" అన్నారు గుమస్తా గారు.

చీకటి పడింది. పుస్తకాలకి తాడు కడుతూ అన్నారు: "ఇన్నేళ్లనించీ రాస్తన్నానమ్మా. రాని రోజుకి సున్నా పెడతాం, అంతే. ఆ సున్నా ఎందుకొచ్చిందని అడగడానికొచ్చింది మీరే."

నాకు ఏడుపాగలేదు. ఎన్నో ఇళ్లలో అమ్మలు ఏడుస్తుంటే పెన్ను పట్టుకుని కూర్చున్నదాన్ని, అక్కడ కొబ్బరి డొక్కల మధ్య కూర్చుని గట్టిగా ఏడ్చేశాను. ఆయన ఏమీ అనకుండా నీళ్లు తెచ్చిపెట్టారు. మర్నాటి నుంచి ఆయనకి తెలిసిన ఇంకొందరు గుమస్తాల ఫోన్లు రావడం మొదలైంది. "పనివాళ్లు ఒప్పుకుంటే మా పుస్తకాలూ చూసుకోండి" అని. నా థీసిస్‌లో ఒక అధ్యాయం మొత్తం అలా వచ్చిందే.

కృతజ్ఞతల పేజీలో గుమస్తా గారి పేరు వేస్తానంటే ఒప్పుకోలేదు. "నా పేరేస్తే వాడెవడో తెలిసిపోద్దమ్మా" అన్నారు. అందుకే అక్కడా లేదు, ఇక్కడా లేదు. బాబాయ్ గారూ, ఇది మీకు ఎవరైనా చదివి వినిపిస్తే చాలు.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. మన రాష్ట్రంలో అప్పటి ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) పరిమితిని 2023 చివర్లో 25 లక్షలకి పెంచారు. ఆ పథకం లేకపోతే నేను కలిసిన ఇళ్లలో చాలామంది పిల్లలకి వైద్యమే లేదు. కానీ ఆ డబ్బు ఆసుపత్రికి వెళ్తుంది. పోయిన కూలి ఎవరిస్తారు? ప్రభుత్వ ఉద్యోగం చేసే తల్లికి చైల్డ్ కేర్ లీవు ఉంది. ఈఎస్ఐలో ఉన్న కార్మికుడికి కూడా తన జబ్బుకే సెలవు భత్యం, బిడ్డ జబ్బుకి రాదు. దింపు పనివాడికి, రొయ్యల చెరువు కాపలావాడికి ఏదీ లేదు. రైల్లో స్లీపరుకి, థర్డ్ ఏసీకి కేన్సర్ రోగికి టికెట్ ఉచితం, తోడు వెళ్లేవాళ్లకి 75 శాతం రాయితీ. మంచిదే. అమలాపురానికి రైలే లేదు, జ్వరమొచ్చిన రాత్రి కారు కట్టించుకునే తండ్రికి ఆ రాయితీ ఎక్కడ అందుతుంది? ఆసుపత్రి కాగితంలో తండ్రి వృత్తి అని ఒక గడి ఉంటుంది. మొదటి రోజు "కూలీ" అని నింపుతారు. ఏడాది తర్వాత ఆ కూలి ఉందో పోయిందో ఎవరూ అడగరు.

నాట్ల వేళకి వార్డులో ఉండి దాళ్వా (రెండో పంట) కౌలు వదులుకున్న రైతు ఉన్నాడు. బిడ్డ మంచం పక్కనే కూర్చుని లేసు అల్లిన తల్లి ఉంది. బిడ్డకి నయమయ్యాక, రెండు రూపాయల వడ్డీ తీర్చడానికి వాణ్ణి అమ్మమ్మ దగ్గర వదిలి కువైట్ వెళ్లిన తల్లి ఉంది. 2030 కల్లా కేన్సర్ వచ్చిన పిల్లల్లో కనీసం 60 శాతం మంది బతకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో లక్ష్యం పెట్టుకుంది. చికిత్స మధ్యలో ఆగకూడదంటే ఇంట్లో పొయ్యి కూడా వెలగాలి కదా. నా ఫెలోషిప్పు నెలల తరబడి ఆగినప్పుడు నాకే అంత టెన్షన్ అయితే, వాళ్ల సంగతి ఆలోచించండి.

మా గైడ్ మేడమ్‌కి ఎంత చెప్పినా తక్కువే. డ్రాఫ్టులు రాత్రిళ్లు కూర్చుని దిద్దారు. లెక్కలు చూసిన స్నేహితురాలికి, దారి చూపించిన ఆశా కార్యకర్తలకి, నన్ను వార్డులో కూర్చోనిచ్చిన నర్సమ్మలకి కృతజ్ఞతలు. సఖినేటిపల్లి రేవులో నేను పరిగెత్తుకొస్తుంటే గోదావరి దాటించే పంటు ఆపిన అబ్బాయికి కూడా. హాస్టల్లో నాకు అన్నం తీసి ఉంచిన వంటమ్మకి.

మాట్లాడిన కుటుంబాలన్నిటికీ తెలుగులో చిన్న పుస్తకం వేసి, నేనే తెచ్చిస్తాను. పండక్కి ముందే వస్తాను. ఫోన్ నంబరు మారినవాళ్లు మీ ఆశా కార్యకర్తకి చెప్పి ఉంచండి.

జిరాక్స్ షాపు తమ్ముడూ, నిన్న మూసే టైమ్ అయిపోయినా బైండింగ్ చేసిచ్చావు. నీకూ థాంక్స్ రా.