పాత స్లైడ్లను జేపెగ్‌లతో సరిపెట్టకండి

సంపాదకులకు,

బ్రహ్మోత్సవాలు, గంగజాతర చూపే పాత స్లైడ్లు (చట్రంలో బిగించిన రంగుల ఫిల్ము ముక్కలు) తిరుపతి ఇళ్లలో బీరువాల్లోనే ఎర్రబారుతున్నాయి. పాత ఎక్టాక్రోమ్ అనే స్లైడు ఫిల్ములో సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం) రంగు ముందుగా వెలిసిపోతుంది, అందుకే ఆ ఎరుపు. స్టూడియోలు వీటిని స్కాన్ చేసి, సైజు తగ్గించే జేపెగ్ ఫైళ్లుగా ఇచ్చేస్తున్నాయి. రంగు మెట్లు తక్కువగా ఉండే ఆ 8 బిట్ ఫైల్లో రంగును గట్టిగా సరిదిద్దితే ఆకాశంలో చారలు తేలతాయి. ఆ మెట్లు చాలా ఎక్కువగా ఉండే 16 బిట్ టిఫ్ ఫైలు అడిగి తీసుకోండి. 4000 డీపీఐలో (అంగుళానికి 4000 చుక్కలు) ఒక్కోటి 120 ఎంబీ దాటుతుంది, దాటనివ్వండి.

ఉచితంగా దొరికే గింప్ అనే ఫొటో సాఫ్ట్‌వేర్‌లో కలర్స్ మెనూలో లెవెల్స్ తెరవండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానళ్లను విడివిడిగా తీసుకుని, గ్రాఫ్‌లో గుట్ట మొదలయ్యే చోటికి, ముగిసే చోటికి కొస బాణాలను జరపండి. మూడింటినీ కలిపి జరిపితే వెలుగు మారుతుందే గానీ ఎరుపు వదలదు. ఆ తర్వాత నడిమి బాణం. ఎవరి తెల్ల పంచెనో గురుతుగా పెట్టుకుని, దాని మడతల్లోని నీడ బూడిద రంగుకు వచ్చేదాకా సరిచేయండి.

స్కానర్‌లో ఫిల్ము రకం దగ్గర నెగెటివ్ కాదు, పాజిటివ్ అనే ఎంచుకోవాలి. బోర్డుల మీద అక్షరాలు తిరగబడితే స్లైడు అటుదిటు పెట్టారన్నమాట. కోడాక్రోమ్ అనే రకం స్లైడు ఫిల్ము అయితే, స్కానర్ ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనబడని) కాంతితో చేసే దుమ్ము తొలగింపును ఆపేయండి. ఆ ఫిల్ము ఇన్‌ఫ్రారెడ్‌ను కొంత అడ్డుకుంటుంది కాబట్టి స్కానర్ బొమ్మలోని అంచులనే దుమ్మనుకుని చెరిపేస్తుంది. దుమ్మును బ్లోయర్‌తోనే ఊదాలి, నోటితో వద్దు. స్కాన్ అయ్యాక స్లైడ్లను మాత్రం పారేయకండి.

— ఒక పాఠకుడు, తిరుపతి