3,500 రూపాయల గీత: గృహనిర్మాణ శాఖ మంత్రి గారికి ఒక కిరాయిదారు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర గృహనిర్మాణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

యూసఫ్‌గూడలో ఒక నాలుగంతస్తుల బిల్డింగులో కిరాయికి ఉంటున్న కుటుంబాల తరఫున ఈ ఉత్తరం రాస్తున్నాను. మా ఇంటి ఓనరు మీద కోర్టుకు వెళ్లాలని మేమంతా కూర్చుని మాట్లాడుకున్నాం. కాగితాలన్నీ పట్టుకుని ఒక వకీలు గారి దగ్గరికి వెళ్లాం. ఆయన మొట్టమొదట అడిగింది, "నెలకు కిరాయి ఎంత?" అని. పన్నెండు వేలు, పద్నాలుగు వేలు, పైన పెంట్‌హౌస్‌లో ఉండే ఆయనకు తొమ్మిది వేలు అని చెప్పాం. "అయితే రెంట్ కంట్రోల్ చట్టం మీకెవరికీ వర్తించదు" అన్నారు. ఎందుకు వర్తించదో విన్నాక, ఇది మా ఓనరుకూ మాకూ మధ్య మాత్రమే తేలే సంగతి కాదని, మీ దాకా రావాల్సిందేనని అర్థమైంది.

ముందు మా గొడవేంటో చెప్తాను. అగ్రిమెంటులో ఏడాదికి ఐదు శాతం పెంపు అని రాసుకున్నాం. గడువు ఇంకా ఉండగానే, వచ్చే నెల నుంచి మూడు వేలు ఎక్కువ ఇవ్వాలని, ఇష్టం లేనివాళ్లు ఖాళీ చేయొచ్చని ఓనరు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు. మేం అగ్రిమెంటులో ఉన్న కిరాయే ఫోన్‌పేలో పంపాం. ఆ తర్వాత కొన్నాళ్లకే బోరు మోటారు పొద్దున ఒక్క అరగంట వేసి ఆపేయడం మొదలైంది. పై అంతస్తు ట్యాంకు సగం కూడా నిండదు. నల్లా నీళ్లు పడే సంపు మూతకు తాళం పడింది. ఆఫీసులకు వెళ్లాల్సినవాళ్లు, పిల్లల్ని బడికి పంపాల్సినవాళ్లు బకెట్లు పట్టుకుని మెట్లెక్కి దిగుతున్నారు.

తర్వాత కరెంటు. మీటర్ల బోర్డు సెల్లార్‌లో ఉంటుంది. ఓనరు పేరు మీద ఒక మెయిన్ మీటరు, దాని కింద మా అందరికీ సబ్ మీటర్లు. యూనిట్‌కు ఎంత కట్టాలో ఓనరే చెప్తారు, అసలు బిల్లు మాత్రం ఎప్పుడూ చూపించరు. ఒకరోజు రాత్రి మూడో అంతస్తు పోర్షన్‌లో కరెంటు పోయింది. ఫోన్ లైటు వేసుకుని కిందికి దిగి చూస్తే, వరుసగా ఉన్న ఫ్యూజుల్లో ఆ ఒక్క పోర్షన్ ఫ్యూజ్ క్యారియర్ లేదు. కాలిపోలేదు, జారి కింద పడలేదు. పీకి పట్టుకెళ్లారు. ఆ ఇంట్లో బాలింత, నెల నిండని బిడ్డ ఉన్నారు. కరెంటు ఆఫీసుకు ఫోన్ చేస్తే లైన్‌మన్ వచ్చాడు. మెయిన్ మీటరుకు సప్లై ఉంది, కనెక్షన్ ఓనరు పేరు మీద ఉంది, లోపలి వైరింగ్ మా పరిధి కాదు అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు, ఉన్న మాటే చెప్పాడు. పోలీస్ స్టేషన్‌కు వెళ్తే "ఇది సివిల్ మ్యాటర్, మీరూ మీరూ కూర్చుని మాట్లాడుకోండి" అన్నారు. కిరాయికి ఉండేవాళ్లలో ఈ మాట విననివాళ్లు ఈ నగరంలో తక్కువ.

టెన్షన్ భరించలేక రెండు కుటుంబాలు ఖాళీ చేశాయి. వాళ్ల రెండు నెలల అడ్వాన్స్‌లో ఒక నెల పెయింటింగ్ కింద పోయింది. మిగతాది కొత్తవాళ్లు దిగాక ఇస్తామన్నారు. టూ-లెట్ బోర్డు తీసేశారు, కొత్తవాళ్లు దిగారు, డబ్బు మాత్రం రాలేదు. మేం ఉన్నన్నాళ్లూ ఆ గోడలకు ఒక్కసారి కూడా సున్నం పడలేదు.

మంత్రి గారూ, ఇలాంటివి ఆపడానికి ఈ రాష్ట్రంలో చట్టం లేదా అంటే, ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 1960లో చేసిన భవనాల లీజు, అద్దె, ఖాళీ చేయించే నియంత్రణ చట్టమే ఇప్పటికీ తెలంగాణలో నడుస్తోంది. వకీలు గారు రెంట్ కంట్రోల్ చట్టం అన్నది దీన్నే. కిరాయిదారు అనుభవిస్తున్న సౌకర్యాలను ఓనరు ఆపకూడదని అందులో ఉంది. కిరాయి ముట్టినట్టు రసీదు ఇవ్వాలని ఉంది. ఓనరు కిరాయి తీసుకోనంటే జమ చేసుకునే దారి ఉంది. ఒక నెల కిరాయికి మించి అడ్వాన్స్ పట్టుకోకూడదని ఉంది. గూడూరులోని ఒక హోటల్ కేసులో 1989లో సుప్రీంకోర్టు ఈ అడ్వాన్స్ నిబంధననే పట్టుకుని, ఓనరు దగ్గర అదనంగా ఉన్న సొమ్మును కిరాయి బాకీ కింద సర్దుకోవచ్చని, కాబట్టి కిరాయిదారు బాకీ పడ్డట్టు కాదని తేల్చింది. ఇంత మంచి నిబంధనలున్న చట్టానికి చివర్లో 32వ సెక్షన్ ఉంది. ఏ ఇళ్లకు ఈ చట్టం వర్తించదో చెప్పే సెక్షన్ అది. 2005లో దాన్ని సవరించి, మున్సిపల్ కార్పొరేషన్ల పరిధిలో నెల కిరాయి 3,500 రూపాయలు దాటితే, మిగతా చోట్ల 2,000 దాటితే ఈ చట్టం వర్తించదని గీత గీశారు. కట్టి పదిహేనేళ్లు కాని ఇళ్లనూ బయట పెట్టారు.

2005లో హైదరాబాద్‌లో 3,500కు ఒక మధ్యతరగతి కుటుంబం ఉండగలిగిన ఇల్లు దొరికేది. ఇప్పుడా డబ్బుకు అమీర్‌పేట హాస్టల్లో ఒక మంచం కూడా కష్టం. అంటే చట్టం పుస్తకంలో ఉంది, దాని కిందికి వచ్చే ఇల్లే నగరంలో దాదాపు లేకుండా పోయింది. చట్టాన్ని ఎవరూ రద్దు చేయలేదు. ధరలు పెరిగాయి, గీత ఉన్నచోటే ఉండిపోయింది.

ఇదే 32వ సెక్షన్ గురించి సుప్రీంకోర్టు ఒకసారి చాలా గట్టిగా మాట్లాడింది. మొదట్లో ఈ సెక్షన్, 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన ఇళ్లన్నింటికీ మినహాయింపు ఇచ్చేది. కొత్త ఇళ్లు కట్టేవాళ్లను ప్రోత్సహించాలన్నది అప్పటి ఉద్దేశం. 1983లో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును కొట్టేసింది. పెట్టిన రోజున సబబుగా ఉన్న నిబంధన కూడా కాలం గడిచేకొద్దీ అన్యాయంగా మారగలదని, పాతికేళ్ల తర్వాత ఆ తేడాకు అర్థం లేదని, అది సమానత్వ హక్కుకు విరుద్ధమని చెప్పింది. ఆ తీర్పు వచ్చింది మన ఉమ్మడి రాష్ట్ర చట్టం మీదే. 2005 నాటి గీతకు కూడా ఇప్పుడు రెండు దశాబ్దాలు దాటాయి. అప్పుడు కోర్టు చెప్పిన మాట ఈ గీతకు ఎందుకు వర్తించదు? మళ్లీ ఎవరో ఒక కిరాయిదారు ఢిల్లీ దాకా వెళ్లి గెలిచేవరకు ఆగాల్సిన అవసరం ప్రభుత్వానికి లేదు కదా.

ఈ 1960 చట్టం కింద కేసులు వినే రెంట్ కంట్రోలర్ దగ్గరికి వెళ్లే వీల్లేనివాళ్లకు మిగిలింది మామూలు సివిల్ కోర్టు. అక్కడ మాకు హక్కులు లేవని కాదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం, కిరాయి కట్టి షరతులు పాటించేవాళ్లకు ఆ ఇంటిని ఆటంకం లేకుండా అనుభవించే హక్కు ఉంది. నెలనెలా కిరాయి మీద ఉన్నవాళ్లను ఖాళీ చేయమనాలంటే పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. నోటీసు ఇచ్చినా, గడువు తీరినా, సామాను బయట పడేసి తాళం వేసే అధికారం ఓనరుకు లేదు, కోర్టు ద్వారానే రావాలి. అలా బలవంతంగా గెంటేస్తే ఆరు నెలల్లోపు దావా వేసి తిరిగి ఇంట్లోకి రావచ్చని 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఆరో సెక్షన్ చెప్తోంది. ఓనరు ఒప్పుకోలేదన్న కారణంతో కిరాయిదారుకు కరెంటు నిరాకరించకూడదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇవన్నీ మాకు ఆ రోజు వకీలు గారి టేబుల్ ముందు కూర్చున్నప్పుడే తెలిశాయి. ఈ ఉత్తరం చదివే కిరాయిదారులకైనా ముందే తెలియాలని ఇక్కడ రాస్తున్నాను.

కానీ లెక్క వేసుకుంటే ధైర్యం సగం చచ్చిపోతుంది. ఇరవై నాలుగు వేల అడ్వాన్స్ కోసం దావా వేస్తే వకీలు ఫీజు, కోర్టు ఫీజు, వాయిదా ఉన్న రోజున పోయే జీతం అన్నీ కలిపి ఎంతవుతుంది? మా బిల్డింగులో ఒకాయన షూటింగుల్లో లైట్‌మన్, రోజు బేటా మీద బతికే మనిషి. ఆయన కోర్టు వరండాలో నిలబడ్డ రోజున ఇంట్లోకి డబ్బు రాదు. ఓనరుకు ఆ ఇబ్బంది లేదు, తీర్పు ఎంత ఆలస్యమైతే ఆయనకు అంత నయం. దావా వేసి ఓనరు కిందే బతకాలన్న భయం వేరే. పదకొండు నెలల అగ్రిమెంటులో అసలు కాగితం ఓనరు దగ్గరే ఉంటుంది, మాకిచ్చేది జిరాక్స్. ఏడాదికి తక్కువైతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న నమ్మకంతో అందరూ పదకొండు నెలలకు రాసుకుని, రిజిస్టర్ చేయించకుండా వదిలేస్తారు. అందువల్ల మేమక్కడ ఉంటున్నామన్న సంగతి ఏ ఆఫీసు రికార్డులోనూ ఉండదు. మా అదృష్టం కొద్దీ కిరాయి ఫోన్‌పేలో పంపాం కాబట్టి ఆ లెక్క మిగిలింది. నగదే కావాలనే ఓనర్ల దగ్గర ఉన్నవాళ్ల పరిస్థితి ఏంటి?

ఇంకో సంగతి ఉంది. ఇది మీకు తప్పకుండా చెప్పాలి. పోయిన చలికాలం మా గల్లీలోనే, వేరే ఇంట్లో కిరాయికి ఉన్న ఒక పెద్దాయన ఆస్పత్రిలో చనిపోయారు. అంబులెన్స్ వచ్చేసరికి గేటుకు తాళం ఉంది. "మా ఇంట్లో శుభకార్యం ఉంది, శవాన్ని లోపలికి తేవద్దు" అని ఓనరు పై నుంచే చెప్పారు. కొడుకు బతిమాలాడు. పెద్దాయన భార్య లోపల, ఆయన బయట. చివరికి గల్లీ మూల మీద ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఒక టార్పాలిన్ కట్టి, బల్ల మీద పడుకోబెట్టారు. ఆవిడను వెనక గేటు నుంచి పట్టుకుని తీసుకొచ్చారు. చూసినవాళ్లం అందరం తలా ఒక చెయ్యి వేశాం. దినాలు కాకముందే ఖాళీ చేయమన్నారు. నక్షత్రం మంచిది కాదని ఇల్లు కొన్ని నెలలు మూసిపెట్టాలట, ఆ నెలల కిరాయి అడ్వాన్స్‌లో పట్టుకున్నారు. ఇలాంటి వార్తలు మన జిల్లాల నుంచి పేపర్లలో ఎన్నోసార్లు వచ్చాయి, మీరూ చూసే ఉంటారు. ఎవరి నమ్మకాలనూ నేను తక్కువ చేసి మాట్లాడను. కానీ కిరాయి కట్టినన్నాళ్లూ అది ఆ కుటుంబం ఇల్లు. అందులో పుట్టడానికీ చావడానికీ ఓనరు అనుమతి కావాలంటే ఎలా? కొత్త చట్టమంటూ రాస్తే ఈ ఒక్క మాట తెలుగువాళ్ల చట్టంలో విడిగా రాయాలి. ఢిల్లీలో తయారైన నమూనాలో ఇది ఉండదు.

ఆ నమూనా సంగతికి వస్తాను. 2021 జూన్ 2న కేంద్ర కేబినెట్ మోడల్ టెనెన్సీ చట్టాన్ని ఆమోదించి రాష్ట్రాలకు పంపింది. ఇళ్లకు రెండు నెలల కిరాయికి మించి డిపాజిట్ వద్దంది. ఓనరు లోపలికి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలంది. ఒప్పందం రాతలో ఉండాలి, దాన్ని రెంట్ అథారిటీకి, అంటే కిరాయి వ్యవహారాలు చూసే అధికారికి, తెలపాలి. నీళ్లు, కరెంటు ఆపితే రెంట్ అథారిటీ వెంటనే పునరుద్ధరించమని ఆదేశం ఇవ్వొచ్చు. రెంట్ కోర్టు 60 రోజుల్లో తేల్చాలి. తమిళనాడు కిరాయిల మీద 2017లో చేసిన కొత్త చట్టాన్ని 2019 నుంచి అమలు చేస్తోంది. పక్కనున్న ఆంధ్రప్రదేశ్ కూడా 2017లో కొత్త చట్టం చేసుకుంది. మనం ఇంకా 1960 దగ్గరే ఉన్నాం.

ఓనర్లందరూ ఇలాగే ఉంటారని నేను అనడం లేదు. రిటైరై, ఒక్క పోర్షన్ కిరాయి మీదే మందులు కొనుక్కునే పెద్దవాళ్లు మా గల్లీలో ఉన్నారు. నెలల తరబడి కిరాయి ఎగ్గొట్టి కదలని మనిషిని ఖాళీ చేయించలేక వాళ్లు పడే బాధ కూడా నిజమే. మోడల్ చట్టం వాళ్లకూ ఉపయోగమే, గడువు తీరాక కదలనివాళ్లు మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆ తర్వాత నాలుగు రెట్లు కిరాయి కట్టాలంటుంది. నాకు అందులో నచ్చనిది కూడా ఉంది. కిరాయి ఎంతన్నది పూర్తిగా ఇద్దరి ఒప్పందానికే వదిలేసింది. ఇల్లు దొరక్క తిరిగే మనిషికీ, ఇల్లున్న మనిషికీ మధ్య బేరం ఎప్పుడూ ఒకవైపే మొగ్గుతుంది. "మీరేమిట్లు?" అని కులం అడిగి ఇల్లు లేదనే పద్ధతి మీద కూడా అది నోరు విప్పదు. తెచ్చేటప్పుడు ఈ రెండింటి మీదా ప్రజలతో మాట్లాడండి.

అయితే కొత్త చట్టం రేపే వచ్చినా మాకు పనికిరాదు. అది ఆ తర్వాత రాసుకునే ఒప్పందాలకే వర్తించేలా తయారైంది. అందుకే మా మొదటి విన్నపం చిన్నది. ఇప్పుడున్న 1960 చట్టంలో, సౌకర్యాలు ఆపకూడదనే నిబంధన, రసీదు నిబంధన, అడ్వాన్స్ నిబంధన, ఈ మూడింటినీ కిరాయి ఎంతైనా, ఇల్లు ఎప్పుడు కట్టినా అన్ని ఇళ్లకూ వర్తింపజేయండి. 32వ సెక్షన్‌కు ఒక చిన్న సవరణ చాలు. ఖాళీ చేయించే విషయంలో ఓనర్లకున్న భయాలను ఇది ముట్టుకోదు, కాబట్టి వాళ్ల నుంచీ పెద్ద అభ్యంతరం రాకూడదు. ఈలోపు హోం శాఖతో మాట్లాడి, నీళ్లు, కరెంటు ఆపారని, తాళం వేశారని ఫిర్యాదు వస్తే "సివిల్ మ్యాటర్" అని వెనక్కి పంపకుండా ఆ రాత్రికైనా పునరుద్ధరించేలా స్టేషన్లకు ఒక సర్క్యులర్ ఇప్పించండి.

మేం మాత్రం ఆగడం లేదు. లీగల్ నోటీసు పంపాం. నీళ్లు, కరెంటు విషయంలో అందరి బాధా ఒకటే కాబట్టి కలిసి దావా వేయొచ్చని, అడ్వాన్సులు ఎవరివి వాళ్లు విడిగా అడగాలని వకీలు గారు చెప్పారు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 చట్టం చెప్తోంది కాబట్టి, మాలో అగ్రిమెంటు తమ పేరు మీద ఉన్న ఇద్దరు అక్కలు న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టారు. ఖాళీ చేసి వెళ్లిన రెండు కుటుంబాలు కూడా లోక్ అదాలత్‌కు వస్తామన్నాయి. నోటీసు గడువు ముగియగానే దావా దాఖలవుతుంది. నంబరు పడ్డాక దాని నకలు మీ కార్యాలయానికి పంపుతాం. వచ్చే అసెంబ్లీ సమావేశాల్లో 32వ సెక్షన్ మీద ప్రభుత్వం ఆలోచన ఏంటో సభలో చెప్పాలని కోరుతున్నాం.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక కిరాయిదారు, తోటి కుటుంబాల తరఫున,
యూసఫ్‌గూడ, హైదరాబాద్