ఆమెను ఆమె గురించే అడిగినప్పుడు

ప్రియ మిత్రమా,

జవాబు ఆలస్యమైనందుకు మన్నించు. ఈ మధ్య ఒక కళాచరిత్రకారిణితో పరిచయమై, మూడు సాయంత్రాలు ఆమెతో మాట్లాడుతూ గడిపాను. ఆ మాటలన్నీ నీకు చెప్పేదాకా నా మనసు కుదుటపడేలా లేదు.

మొదటి రోజు, పదిహేడో శతాబ్దపు ఐరోపా కళలో వెలిగిన బరోక్ శైలి లక్షణాలేమిటని అడిగాను. ఆమె ఓపికగా చెప్పారు గానీ, ఆ జవాబు ఏ పుస్తకం తెరిచినా దొరుకుతుంది. రెండో రోజు ఆమె గురించే అడిగాను. ఈ చదువులోకి ఎందుకు వచ్చారన్న ప్రశ్నకు, చిత్రాల కంటే ముందు ఒక సంతకం తనను లాక్కొచ్చిందన్నారు.

అది జూడిత్ లేస్టర్ సంతకం. 1633లో నెదర్లాండ్స్‌లోని హార్లెం నగర చిత్రకారుల సంఘంలో చేరిన ఆ డచ్చి చిత్రకారిణి 1660లో కన్నుమూశాక, ఆమె పేరు క్రమంగా మరుగున పడి, ఆమె చిత్రాలు అదే నగరపు ప్రసిద్ధ చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్ వంటివారి పేర్లతో చెలామణీ అయ్యాయి. ఆమె ఇంటిపేరుకు దారి చూపే నక్షత్రమని అర్థం కాబట్టి, పొడి అక్షరాల పక్కన చిన్న నక్షత్రం గీసి సంతకం చేసేది. హాల్స్‌ది అనుకున్న ఒక చిత్రం మీద ఆ గుర్తును 1893లో హోఫ్‌స్టెడ్ డి గ్రూట్ అనే పండితుడు పోల్చుకున్నాకే ఆమె చిత్రాలు ఒక్కొక్కటిగా ఆమె పేరుకు తిరిగి చేరాయి. ఈ కథ చెబుతున్నప్పుడు ఆవిడ గొంతు మారింది. రెండు వందల ఏళ్లకు పైగా ఆ నక్షత్రం అక్కడే ఉంది కదా, చూసినవారే లేరు అన్నారు.

ఎప్పుడైనా పొరబడ్డారా అని అడగడానికి కొంత జంకాను. ఆమె మాత్రం వెంటనే జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉన్న, డచ్చి చిత్రకారుడు వెర్మీర్ గీసిన చిత్రం పేరు చెప్పారు. తెరిచిన కిటికీ దగ్గర ఒక యువతి ఉత్తరం చదువుకునే ఆ చిత్రం నీకూ గుర్తుండే ఉంటుంది. ఆమె వెనుక ఉన్న బోసి గోడ మీద, ఆ గోడలోని ఒంటరితనం మీద, ఈవిడ ఏళ్ల తరబడి పాఠాలు చెప్పారు. ఆ గోడ కింద మన్మథుడి బొమ్మ దాగి ఉందని 1979లోనే ఎక్స్‌రేలో తెలిసింది గానీ, దాన్ని కప్పేసింది వెర్మీరేనని అందరూ నమ్మారు. తరవాత పరీక్షల్లో ఆ పైపూత ఆయన పోయి దశాబ్దాలు గడిచాక వేరెవరో వేసినదని తేలింది. ఆ పూతను తొలగించి, 2021లో చిత్రాన్ని మళ్లీ ప్రదర్శనకు పెట్టినప్పుడు, గోడ మీద నిలువెత్తు మన్మథుడు ఉన్నాడు.

అప్పుడు మీకేమనిపించిందని అడిగాను. ముందు దుఃఖం కలిగిందట. తాను అంతకాలం ప్రేమించింది వెర్మీర్ చేతిని కాదు, ఎవరో అనామకుడి చేతిని అని అర్థమైందట. అయినా ఆ బోసి గోడ ఇప్పటికీ కళ్ల ముందు మెదులుతూనే ఉంటుందని, దాన్ని మరిచిపోవాలని తనకు లేదని అన్నారు. పాఠం మాత్రం పూర్తిగా మార్చి రాసుకున్నారట. ఒక పండితురాలు తన ఇష్టాన్నీ తన నిర్ణయాన్నీ ఇంత నిజాయితీగా విడదీసి చెప్పడం నేను ఇంతవరకు వినలేదు.

నచ్చని చిత్రకారుడెవరన్న ప్రశ్నకు నవ్వి ఊరుకున్నారు.

ఏ చిత్రాన్నైనా మొదట ఎక్కడ చూస్తారని చివరగా అడిగితే, చూడనిస్తే వెనక వైపు అన్నారు. పాత యజమానుల ముద్రలు, వేలంపాట చీటీలు, సుద్దతో రాసిన అంకెలు అక్కడే మిగులుతాయట. వచ్చే వారం అలాంటి ఛాయాచిత్రాలు కొన్ని చూపిస్తానన్నారు. చూసిన వెంటనే నీకు మళ్లీ రాస్తాను.

నీ మిత్రుడు